పదమూడో బోర్డు

22 బోర్డులు. ఒక్కోదాని మీద 150 నుంచి 200 మాటలు. మాటకు రూపాయిన్నర. గడువు నెల రోజులు. ఫోనులో ఈ నాలుగు సంగతులూ విని, విషయం ఏమిటో పూర్తిగా అడగకుండానే ఒప్పుకున్నాను. అప్పటికి నా చేతిలో ఒక బీమా పత్రం, రెండు మందుల కరపత్రాలు తప్ప పని లేదు. మల్కాజిగిరిలో అద్దె ఇల్లు, నాన్న రైల్వే పింఛను, నా అనువాదాలు: ఇంతే మా బండి. నెల అనుకున్నది ఆరు నెలలు పట్టింది. మాటకు రూపాయిన్నర లెక్కన చూసుకుంటే ఇంతకన్నా నష్టపు బేరం నేను ఎన్నడూ చేయలేదు.

పని ఇది. నాజీ జర్మనీలో యూదుల మీద, సింతీ, రోమా ప్రజల మీద, వికలాంగుల మీద, స్వలింగ సంపర్కుల మీద, యెహోవా సాక్షుల మీద పన్నెండేళ్లపాటు సాగిన వేట గురించి నగరంలోని తెలుగు మాధ్యమం హైస్కూళ్లలో చూపించడానికి ఒక చిన్న బృందం బోర్డులు తయారు చేస్తోంది. పాఠ్యపుస్తకంలో పరీక్షకు సరిపోయేంత ఉంది. వీళ్లు అంతకుమించి చెప్పాలనుకున్నారు. మూలం ఇంగ్లిషులో ఉంది, కొన్ని పత్రాల నకళ్లు జర్మన్‌లో ఉన్నాయి. తార్నాకలోని ఇఫ్లూలో, అంటే ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో, సాయంత్రపు తరగతులకు వెళ్లి కొంత జర్మన్ నేర్చుకున్నాను కనుక నన్ను పిలిచారు. నేను చేసినదాన్ని సరిచూసే బాధ్యత ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడిది. నల్లకుంటలో ఉంటారు. అందరూ మాస్టారు అంటారు, నేనూ అంతే.

మొదటి చిక్కు గడప దగ్గరే వచ్చింది. ఇలాంటి రాజ్యాన్ని తెలుగులో ఏమనాలి? నేను 'నిరంకుశ ప్రభుత్వం' అని రాసుకుపోయాను. మాస్టారు పెన్సిలుతో సున్నా చుట్టారు. నిరంకుశం అంటే అంకుశం లేనిది, ఏనుగు మీద మావటి లేడని అర్థం. 'నిరంకుశాః కవయః' అని పెద్దలు కవులనే ఆ మాటతో మెచ్చుకున్నారు కదా అన్నారు. పాతకాలపు నిరంకుశ ప్రభువు పన్ను గుంజుతాడు, ఎదురు తిరిగితే తల తీయిస్తాడు. మిగతా వేళల్లో నీ వంటింటి సంగతి అతనికి అక్కర్లేదు. నాజీ రాజ్యానికి అన్నీ కావాలి. మీ అమ్మమ్మ ఏ ప్రార్థనామందిరానికి వెళ్లేదో కావాలి, నువ్వు ఎవరిని పెళ్లాడావో కావాలి, నీ ఇంట్లో ఏ కుక్క ఉందో కావాలి. చివరికి 'సర్వనియంతృత్వం' అని ఖాయం చేశాం. నోరు తిరగని మాటే. అయినా అబద్ధం లేదు.

'మైనారిటీ' అన్న మాట దగ్గరా గొడవే. హైదరాబాదులో ఆ మాట వింటే గురుకుల పాఠశాల, స్కాలర్‌షిప్ దరఖాస్తు గుర్తుకొస్తాయి. 'అల్పసంఖ్యాకులు' అంటే పిల్లలకు లెక్కల పాఠంలా ఉంటుంది. రెండింటితోనూ తృప్తి కలగక అంకెలు ఇచ్చి ఊరుకున్నాం. 1933లో జర్మనీ యూదులు సుమారు 5 లక్షలు, అంటే జనాభాలో నూటికి ఒకరు కూడా కాదు. సింతీ, రోమాలు 30 వేలకు లోపే. ఇంత కొద్దిమందిని చూసి అంత పెద్ద దేశం భయపడిందంటే నమ్మడం కష్టం. భయపెట్టారు అంటే నమ్మవచ్చు. ఇంకో సంగతి. మన ఇళ్లల్లో కోపిష్ఠి తండ్రినీ కఠినంగా ఉండే టీచరునీ హిట్లర్ అని నవ్వుకుంటాం. ఆ పేరు మనకు అంత తేలికైపోయింది. ఆ బోర్డులు చేసినన్నాళ్లూ మా ఇంట్లో ఎవరైనా అలా అంటే నాకు ఒళ్లు మండేది.

మొదటి పది బోర్డులు యూదులవి. యూదుల పౌరసత్వం లాగేసుకున్న 1935 సెప్టెంబరు 15 నాటి న్యూరెంబర్గ్ చట్టాలు, 1938 నవంబరు 9 రాత్రి తగలబడిన ప్రార్థనామందిరాలు, ఆ దెబ్బకు శిబిరాల పాలైన సుమారు 30 వేల మంది మగవాళ్లు: ఇవి అంతకు ముందు చదివినవే కాబట్టి చేతులు వాటంతట అవే టైపు చేశాయి. ఆగింది చిన్న చిన్న ఉత్తర్వుల దగ్గర. పేరు చూడగానే యూదుడని తెలియకపోతే మగవాడు ఇజ్రాయెల్ అని, ఆడమనిషి సారా అని 1939 జనవరి 1 నుంచి తమ పేరుకు చేర్చుకోవాలి. అంతకు ముందే, 1938 అక్టోబరులో, పాస్‌పోర్టుల మీద ఎర్రటి 'జె' అక్షరం పడింది. యుద్ధం మొదలైన నెలలోనే రేడియోలు తీసుకున్నారు, 1940లో ఫోన్లు కోసేశారు. 1941 సెప్టెంబరు 19 నుంచి ఆరేళ్లు నిండిన ప్రతివాళ్లూ పసుపు నక్షత్రం కుట్టుకోవాలి. 1942 మే నెలలో పిల్లినీ కుక్కనూ పిట్టనూ పెంచుకోకూడదన్నారు. బెర్లిన్‌లో సరుకులు కొనుక్కోవడానికి యూదులకు ఇచ్చింది సాయంత్రం 4 నుంచి 5 వరకు ఒక్క గంట. కొట్లో అప్పటికి ఏం మిగులుతుందో రేషన్ దుకాణం ముందు నిలబడ్డవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ఉత్తర్వులు ఒక్కొక్కటీ చూస్తే చిన్నవే. ఒక్కో ఉత్తర్వు వెనుకా ఒక గుమాస్తా ఉన్నాడు, ఒక ముద్ర ఉంది, ఒక తేదీ ఉంది.

నా వాక్యాలలో మాత్రం గుమాస్తా లేడు. ఇంగ్లిషు ఎలా ఉంటే అలా లాక్కొచ్చి 'ఆస్తులు స్వాధీనం చేసుకోబడ్డాయి', 'కుటుంబాలు తరలించబడ్డాయి', 'వేలమంది చంపబడ్డారు' అని రాసి పంపాను. మాస్టారు నల్లకుంటకు పిలిపించి, నేను చెప్పులు విప్పుతుండగానే అడిగారు.

"ఎవరమ్మా చంపింది? తుపానా?"

ఇలా 'బడు' పెట్టి రాయడం తెలుగులో అరువు పద్ధతే, సంస్కృతం నుంచీ ఇంగ్లిషు నుంచీ వచ్చింది, మన నోటికి పట్టదు. అది నాకు తెలుసు. కానీ దాన్ని తీసేసి ఊరికే 'చంపారు' అని రాసినా ఆయనకు నచ్చలేదు. తెలుగులో కర్తను మింగేయడం ఇంకా సులువు. చంపారు, పంపారు, తీసుకెళ్లారు అంటాం. ఎవరో వాళ్లు. ఆ 'వాళ్లు' ఎవరో ప్రతి వాక్యంలోనూ వెతకమన్నారు. పురపాలక అధికారులా, రహస్య పోలీసులా, పన్నుల శాఖా, పక్కింటివాళ్లా? దీనికోసం మూలపత్రాలలోకి వెళ్లాల్సి వచ్చింది. నెల కాస్తా మూడు నెలలయింది అక్కడే. కొన్నిచోట్ల కర్త దొరికితే వాక్యం చదవడం కష్టమైంది. టెలిఫోను తీసేసింది పోస్టాఫీసు. బడి నుంచి పిల్లను పంపేసింది హెడ్మాస్టరు.

వికలాంగుల బోర్డు గురించి ఎక్కువ రాయను. 1933 జూలై 14న చేసిన చట్టం కింద సుమారు 4 లక్షల మందికి పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషన్లు చేశారు. తర్వాత 1940, 1941లలో ఆస్పత్రుల నుంచి బస్సులలో తీసుకెళ్లి 70 వేల మందిని గ్యాసుతో చంపారు. చేసింది డాక్టర్లు. ఆ రోజు అన్నం సహించలేదు.

తర్వాత పదమూడో బోర్డు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మేం ఎరుకలవాళ్లం. నాన్నది స్టువర్టుపురం. ఆ ఊరి పేరు చెబితే హైదరాబాదులో ఇప్పటికీ ఎదుటివాళ్ల చెయ్యి ఒక్క క్షణం జేబు దగ్గరికి వెళుతుంది. తెలిసి కాదు, అలవాటు. అందుకే నాన్న లాలాగూడ వర్క్‌షాపులో ఉద్యోగం చేసినన్నాళ్లూ సొంత ఊరు బాపట్ల అని చెప్పుకున్నారు. నేనూ చీరాల దగ్గర అని ఊరుకుంటాను. బృందంలో ఎవరికీ నా సంగతి తెలియదు. తెలియాల్సిన పనీ లేదనుకున్నాను.

బోర్డు సింతీ, రోమా ప్రజల గురించి. నేను మొదట 'జిప్సీలు' అని రాశాను. అది ఈజిప్టు నుంచి వచ్చారన్న పొరపాటు మీద పుట్టిన పేరు. జర్మన్లు పిలిచిన పేరు అంతకన్నా చెడ్డది, తిట్టుతో సమానం. దాన్ని కొట్టేసి 'సంచార జాతులు' అని పెట్టాను. మాస్టారు మళ్లీ సున్నా చుట్టారు. వాళ్లలో ఇళ్లున్నవాళ్లు, దుకాణాలున్నవాళ్లు, మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడి పతకాలు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, వాళ్లంతా ఎక్కడ సంచరించారు అన్నారు. తలవంచుకున్నాను. రైల్వే కాలనీ పిల్లనైన నన్ను పట్టుకుని పత్రికలవాళ్లు సంచార జాతి అన్నప్పుడు నేను పళ్లు కొరుకుతాను. అదే మాట నేను ఇంకొకరికి అంటించబోయాను.

వాళ్లు ఎక్కడివాళ్లు అన్నది భాషే చెప్పింది. 1782లోనే రూడిగర్ అనే జర్మన్ పండితుడు వాళ్ల మాటలను మన ఉత్తరాది భాషలతో పోల్చి చూపించాడు. నీళ్లు పానీ. ముక్కు నఖ్. చెవి కన్. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగినవాళ్లెవరైనా సగం అర్థం చేసుకుంటారు. వెయ్యేళ్ల కిందట ఈ దేశం నుంచి నడిచి వెళ్లినవాళ్లు. నాజీలు ఆర్యులు ఆర్యులు అని గుండెలు బాదుకున్న మాటకు మూలమైన భాషా కుటుంబంలోని మాటలనే వంటింట్లో మాట్లాడుకునేవాళ్లు. ఇది నాజీ పండితులకు తెలియక కాదు. దానికి రోబెర్ట్ రిట్టర్ అనే డాక్టరు ఒక దారి కనిపెట్టాడు. వీళ్లలో నూటికి తొంభై మంది మిశ్రమ రక్తం, స్వచ్ఛత చెడింది, అందుకే ప్రమాదం అన్నాడు.

రిట్టర్ 1936లో ప్రభుత్వ ఆరోగ్య శాఖ కింద ఒక పరిశోధన కేంద్రం నడపడం మొదలుపెట్టాడు. ఆయన మనుషులు శిబిరాలకూ బండ్ల దగ్గరికీ వెళ్లి తలలు కొలిచారు, కళ్ల రంగు రాసుకున్నారు, నెత్తురు తీశారు, ముఖాలకు అచ్చులు పోశారు, తాతముత్తాతల పేర్లు అడిగి చెట్లు గీశారు. 1944 నాటికి దాదాపు 24 వేల మందికి ఒక్కొక్కరికి ఒక్కో ధ్రువీకరణ తయారైంది. ఎవరు పూర్తి, ఎవరు సగం, ఎవరు కాదు. ఆ కాగితాన్ని బట్టే పోలీసులు మనిషిని ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపాలో వద్దో చూశారు.

అంతా హిట్లర్ వచ్చాకే మొదలైందని నేను అనుకునేదాన్ని. కాదు. మ్యూనిక్ పోలీసులు 1899లోనే దీనికోసం ఒక విభాగం తెరిచారు. 1905లో ఆల్‌ఫ్రెడ్ డిల్‌మన్ అనే అధికారి 3 వేలకు పైగా పేర్లతో పుస్తకం అచ్చు వేయించాడు. బవేరియా రాష్ట్రం 1926లో వీళ్లమీద చట్టం చేసింది. అప్పుడు జర్మనీలో ఎన్నికలు ఉన్నాయి, పత్రికలు ఉన్నాయి, కోర్టులు ఉన్నాయి. నాజీలు వచ్చేసరికి జాబితా తయారుగా ఉంది. వాళ్లు దాన్ని పూర్తి చేశారు.

ఇది చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. మన వైపు 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ప్రభుత్వం ఒక తెగ పేరు గెజిట్‌లో వేస్తే ఆ తెగ మొత్తం పుట్టుకతో నేరస్థులు. ఆ ప్రకటన చెల్లదని కోర్టుకు వెళ్లే వీలు లేదు. పేర్ల నమోదు, వేలిముద్రలు, ఊరు దాటితే పాస్. ఆ కాలంలోనే మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ కొలకర్ర పట్టుకుని దక్షిణాది కులాల ముక్కులూ పుర్రెలూ కొలుస్తూ తిరిగాడు. స్టువర్టుపురం అలా ఏర్పడ్డ ఊరే. ప్రభుత్వం ఎరుకలవాళ్లను తెచ్చి అక్కడ పెట్టింది, సాల్వేషన్ ఆర్మీ నడిపింది. మా ముత్తాత ఆ రిజిస్టరులో ఒక వరుస.

అయినా బోర్డు పని సాగించాను. ఆగిపోయింది ఒక జర్మన్ మాట దగ్గర: ఉమ్‌జీడ్‌లుంగ్. జనాన్ని ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట కుదర్చడం. 1940 మే నెలలో పోలీసులు సుమారు 2,500 మంది సింతీ, రోమాలను పిల్లలతో సహా ఆక్రమిత పోలండ్‌కు తోలేశారు. కాగితాలలో దాని పేరు అదే. నిఘంటువు ప్రకారం తెలుగు 'పునరావాసం'. ప్రాజెక్టుల కింద ఊళ్లు మునిగినవాళ్లకు ప్రభుత్వం ఇస్తానన్నదీ అదే మాట. ఇక్కడ ఆ మాట పెడితే పిల్లలు మంచిపని అనుకుంటారు. 'బహిష్కరణ' అని పెడితే ఆ గుమాస్తా రాసిన తియ్యటి మాట పోతుంది. ఆ తియ్యదనమే కదా చూపించాల్సింది.

ఆ రాత్రి వంటింట్లో కూర్చుని నాయనమ్మతో అన్నాను. నాయనమ్మకు ఎనభై అయిదు దాటాయి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి తొమ్మిదేళ్ల పిల్ల.

"జనాన్ని బలవంతంగా తెచ్చి ఒకచోట పెట్టి, బాగు చేస్తున్నామని చెబితే దాన్ని ఏమంటావు నాయనమ్మా?"

"సెటిల్‌మెంటు" అంది. వెల్లుల్లి పొట్టు ఊదుతూ, ఇందులో అడగడానికి ఏముంది అన్నట్టు.

మా ఊళ్లో పాతవాళ్లు ఊరిని ఊరనరు, సెటిల్‌మెంటు అంటారు. చిన్నప్పటి నుంచీ విన్న మాట. దాని అర్థం నాకు నల్లకుంట చుట్టూ తిరిగి జర్మన్‌లో తెలియాల్సి వచ్చింది.

ఆ తర్వాత నాయనమ్మ చెప్పింది, ముక్కలు ముక్కలుగా, మూడు నాలుగు రాత్రులు. రాత్రిపూట లాంతరు పట్టుకుని వచ్చి పేర్లు పిలిచేవాళ్లట. పలకాలి. చీరాల పొగాకు కంపెనీకి పనికి వెళ్లాలన్నా కాగితం ఉండాలి. బంధువుల ఇంట్లో చావుకు వెళ్లాలన్నా ఉండాలి, చాలాసార్లు కాగితం వచ్చేసరికి దినం కూడా అయిపోయేది. చట్టం పోయాక ఏళ్ల తరబడి వాళ్ల నాన్న నిద్రలో "ఉన్నానయ్యా" అని పలికేవాడట. ఇంట్లోవాళ్లు మొదట్లో నవ్వేవాళ్లట.

నాయనమ్మ అరవయ్యేళ్ల వయసులో వయోజన విద్య తరగతిలో చేరి సంతకం నేర్చుకుంది. చదవడం రాలేదు, సంతకం ఒక్కటే వచ్చింది. వేలిముద్ర వేయకూడదని పట్టు. ఇప్పుడు రేషన్ దుకాణంలో యంత్రం మీద వేలు పెట్టమంటారు. ఆమె వేలి గీతలు అరిగిపోయి ఆ యంత్రం సగంసార్లు గుర్తుపట్టదు. అందుకు ఆమె సంతోషిస్తుంది.

ఇదంతా విన్నాక నాకు పూనకం వచ్చినట్టయింది. 23వ బోర్డు పెడదాం, స్టువర్టుపురం గురించి, అని మాస్టారికి ఫోను చేశాను. నేను ఎవరినో ఆ రోజే చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రమ్మన్నారు. భోజనం పెట్టించి, అప్పుడు కాదన్నారు.

"రెంటినీ ఒకే గాటన కట్టకూడదమ్మా. అక్కడ ఆష్విట్జ్ బిర్కెనావ్‌లో ఒక్క శిబిరానికే 23 వేల మంది సింతీ, రోమాలను తెచ్చారు. 1944 ఆగస్టు 2 రాత్రి మిగిలినవాళ్లను, 4,200 మందికి పైగా, గ్యాసు గదులలో పెట్టి చంపారు. యూరప్ అంతటా కలిపి రెండున్నర లక్షల నుంచి 5 లక్షల దాకా. మీవాళ్లకు జరిగింది అన్యాయం. కానీ ఇది కాదు."

నేను వాదించాను. చివరి మెట్టు ఒకటి కాదని నాకూ తెలుసు. మొదటి మెట్లు ఒకటే కదా, రిజిస్టరు ఒకటే కదా, అదే పిల్లలకు చూపిద్దాం అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. పిల్లలు పోలిక గుర్తుపెట్టుకుని తేడా మరిచిపోతారు, రెండు విషయాలకూ అన్యాయం జరుగుతుంది అన్నారు. బృందం ఆయన వైపే మొగ్గింది. 23వ బోర్డు రాలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అన్నది సగానికి పైగా సరైనదే అనిపిస్తుంది. మిగతా సగానికి నా కోపం అలాగే ఉంది. మొత్తానికి పదమూడో బోర్డులో ఆ మాటను 'పునరావాసం' అనే పెట్టి, పక్కనే 'అని కాగితాలలో రాసుకున్నారు' అని చేర్చాను. దానికి మాస్టారు సున్నా చుట్టలేదు.

ఆ మాట యుద్ధంతో పోలేదు కూడా. 1956లో పశ్చిమ జర్మనీ అత్యున్నత న్యాయస్థానం ఆ 1940 నాటి తరలింపు జాతి హింస కాదు, భద్రత కోసం పోలీసులు తీసుకున్న చర్య అని తీర్పు చెప్పింది. అంటే నష్టపరిహారం లేదు. 1963లో గానీ ఆ తీర్పును సరిదిద్దుకోలేదు. సింతీ, రోమాల మీద జరిగింది జాతి నిర్మూలన అని జర్మనీ ప్రభుత్వాధినేత నోట 1982లో వచ్చింది. అప్పటికి బతికి బయటపడ్డవాళ్లలో ఎందరో వెళ్లిపోయారు.

అచ్చు దగ్గర ఒక ప్రమాదం తప్పింది, చెప్పకుండా ఉండలేను. మనకు తెలుగు అచ్చు పని అంటే తెలిసిందే: మనం యూనికోడ్‌లో పంపుతాం, డీటీపీలో పాత ఫాంటులోకి మారుస్తారు, ఒత్తులు ఎగిరిపోతాయి, మళ్లీ చేత్తో కొడతారు. ఆ అబ్బాయి ఓపికమంతుడే. రాత్రి పదకొండింటికి ప్రూఫు పంపాడు. పదమూడో బోర్డు ఆఖరి వాక్యంలో 'ఆ ఒక్క రాత్రి 4,200 మందికి పైగా పంపారు' అని ఉంది. ఒక్క అక్షరం. 'చ' బదులు 'ప'. నాజీ గుమాస్తా కూడా అంతే రాసేవాడు. నేను అదే వాక్యాన్ని రెండుసార్లు చదివి ఏ తేడా కనిపెట్టకుండా దాటేశాను, మూడోసారి కంటికి ఆనింది. ఫోను చేస్తే ఆ అబ్బాయి నిద్రమత్తులో "సారీ అక్కా, పొద్దున్నే మార్చేస్తాను" అన్నాడు. నమ్మకం లేక పొద్దున ఏడింటికే వెళ్లి పక్కన కూర్చున్నాను.

ఆగస్టు మొదటి వారంలో సికింద్రాబాదులో ఒక బడిలో మొదటి ప్రదర్శన పెట్టారు. పిల్లలు పెద్ద ఘటనల బోర్డుల ముందు నుంచి వరసగా నడిచి వెళ్లిపోయారు. కుక్కలూ పిల్లులూ ఉన్న ఉత్తర్వుల బోర్డు ముందు గుంపు కట్టారు. "కుక్కను ఏం చేశారు మేడమ్?" అని ఒక పిల్లవాడు నన్ను మూడుసార్లు అడిగాడు. అప్పగించాలన్నారు, చంపేశారు అని చెప్పాల్సి వచ్చింది. పదమూడో బోర్డు కింద రోమా మాటలు ఇచ్చాం. ఒక లంబాడా అమ్మాయి వాటిని పైకి చదివి, పక్కనున్న స్నేహితురాలి ముక్కూ చెవీ పట్టుకుని మళ్లీ చదివింది. ఇద్దరూ నవ్వారు. 'లోలి చాయ్' అన్న మాట దగ్గర ఇంకా నవ్వారు, టీ అనుకుని.

లోలి చాయ్ అంటే ఎర్రజుట్టు పిల్ల. రిట్టర్ దగ్గర పనిచేసిన ఏఫా యుస్టిన్‌కు సింతీ, రోమాలు పెట్టిన పేరు. ఆమెకు వాళ్ల భాష వచ్చు. ఆ భాషలోనే పలకరించి, పిల్లలతో ఆడి, పెద్దవాళ్ల దగ్గర బంధుత్వాలు రాబట్టి రిట్టర్ జాబితాలోకి ఎక్కించింది. తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ముల్ఫింగెన్ అనే ఊళ్లోని అనాథాశ్రమంలో ఉంచిన సింతీ పిల్లల మీద పీహెచ్‌డీ రాసింది. పరిశోధనకు కావాలి కనుక ఆ పిల్లలను అంతదాకా ఉంచారు. పట్టా వచ్చాక, 1944 మే 9న, 39 మందిని ఆష్విట్జ్ రైలు ఎక్కించారు. నలుగురు బతికారు. వాళ్లను విహారయాత్రకు తీసుకెళుతున్నామని చెప్పి ఎక్కించారట.

రెండో రోజు సాయంత్రం, బడి వదిలాక, నాన్న నాయనమ్మను ఆటోలో తీసుకొచ్చారు. హాల్లో ఇద్దరు టీచర్లు, బల్లలు సర్దుతున్న ఆయా ఉన్నారు. నాయనమ్మకు చదవడం రాదు కనుక నేను చదివి వినిపించాను. పది బోర్డులు నిలబడే వింది, తర్వాత కుర్చీ వేశాం. పదమూడో బోర్డులో యుస్టిన్ ఫొటో ఉంది, తెల్ల కోటు వేసుకుని ఒక ముసలామెతో మాట్లాడుతూ. నాయనమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"ఈ పిల్లకు ఉద్యోగం పోయిందా?"

"లేదు నాయనమ్మా. యుద్ధం అయ్యాక ఫ్రాంక్‌ఫర్ట్ నగర ఆరోగ్య శాఖలో చేరింది. అక్కడ రిట్టరే తెచ్చి పెట్టుకున్నాడు. తర్వాత విచారణ జరిపారు, సాక్ష్యం చాలదని ఆపేశారు. 1966లో చనిపోయింది."

"ఈమెకు ఆ భాష నేర్పిందెవరు?"

"వాళ్లలోనే ఎవరో నేర్పి ఉంటారు."

నాయనమ్మ తల పంకించింది. మా భాష కుర్రు. ఇంట్లో మేం ముగ్గురం ఉన్నప్పుడు అదే మాట్లాడుతుంది. వాకిట్లో చెప్పుల చప్పుడైతే చాలు, వాక్యం మధ్యలో తెలుగులోకి మారిపోతుంది. పదిహేనేళ్ల కిందట ఒక విద్యార్థి రికార్డరు పట్టుకుని స్టువర్టుపురం వచ్చి మీ భాషలో నాలుగు మాటలు చెప్పమని బతిమాలితే, మాకు తెలుగు తప్ప రాదని మజ్జిగ ఇచ్చి పంపింది. మంచివాడే పాపం, ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లాడు. నాయనమ్మది చాదస్తం అని అప్పుడు నేను గట్టిగా పోట్లాడాను.

టీచర్లు ఇంకా హాల్లోనే ఉన్నారు. నాయనమ్మ నా మోచేయి పట్టుకుని లేచి, గొంతు తగ్గించకుండా, నాతో కుర్రులో ఒక మాట అంది. నాన్న ఉలిక్కిపడి చూశారు. ఆయా అటు తిరిగి "ఏ భాషమ్మా అది?" అని అడిగింది.

ఆ మాట ఏమిటో ఇక్కడ రాయను.